శుభ్రం చేసిన టేపు

గోడ పట్టుకుని రికార్డుల గదిలోకొచ్చిన మనిషి, బల్ల అంచు చేతికి తగిలాక ఆగాడు.

సంచిలోంచి పాత కేసెట్ ఒకటి తీసి చెయ్యి చాపాడు. చాపిన వైపు ఎవరూ లేరు. రికార్డులావిడే లేచి అటు వెళ్ళి అందుకుంది.

"ఇది 'ఇల్లు ఖాళీ' టేపమ్మా," అన్నాడు.

గదిలో పని ఆగిపోయింది.

ఊళ్ళో ఏటా జరిగే నృత్యోత్సవం పుట్టిన ఏడాది ఆడిన నాట్యం అది. రాజూ లేడు, రాణీ లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయే ఒక ఆడమనిషి, అంతే. తర్వాత వచ్చిన కొత్త నాట్యాలన్నీ దాని కడుపున పుట్టినవేనని పెద్దలంటారు. అనడమే గాని, దాని ఫొటో ఒక్కటి లేదు, ఫిల్ము అసలే లేదు. నెలాఖరులోగా దాని ఆనవాలు ఏదో ఒకటి చూపిస్తే రికార్డుల గది ఉంటుంది. లేకపోతే గది క్యాంటీన్‌కి, రికార్డులావిడ ఇంటికి. ఉత్సవం కార్యదర్శి ఆ మాట మొహం మీదే చెప్పాడు.

ఆ కార్యదర్శి దాన్ని చూశాడు. చూశానని ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్తాడు. ఆడినావిడ ఎర్రబట్టలు మంటలా లేచాయట, కళ్ళు మాట్లాడాయట. దాని మీద వ్యాసం కూడా రాసి పారేశాడు.

రికార్డులావిడ టేపు మిషన్లో పెట్టింది.

ధబ్ ధబ్ అని చప్పుడు. ఏదో ఈడుస్తున్నట్టు గీరుడు. మధ్యలో ఎవరిదో ఎగశ్వాస. పాట లేదు, వాద్యం లేదు.

మ్యూజిక్ ఏదండీ అని అడిగింది. ఆయన చెప్పబోయాడు. అంతలో కార్యదర్శి ఫోను. మాట్లాడి వచ్చేసరికి ఆయన మిషను వైపు చెవి పెట్టి అలాగే నిలబడి ఉన్నాడు.

"మీరు ఆ నాట్యానికి ఏమవుతారు బాబాయ్ గారూ?"

"వినేవాణ్నమ్మా."

ఆమె కార్డులో 'ప్రేక్షకుడు' అని కొట్టింది. పేరు అడగలేదు. ప్రేక్షకుల పేర్లకి కార్డులో చోటుండదు.

సౌండు చూసే అతను ఆమె చెవిలో అన్నాడు. "అక్కా, చూపులేనాయన నాట్యానికి సాక్షి. ఇంకో చెవిటాయన్ని పట్టుకొస్తే పాటలకి కూడా సాక్షి దొరికినట్టే."

పెద్దాయనకి అదీ వినపడింది. ఆయనా నవ్వాడు.

ఆయన అడిగింది ఒక్కటే. ఇంట్లో మిషను చచ్చిపోయింది, కాపీ చేశాక తనకొకసారి వినిపించాలి. ఆమె సరేనంది. టేపుకి బూజు పట్టిందని, ఉంచితే మిగతావాటికి అంటుకుంటుందని, కాపీ చేసి పారెయ్యాల్సిందేనని కూడా చెప్పింది.

"మీరు కాపాడతారు కదమ్మా."

"మా పనే అదండీ."

సౌండతను ఆ టేపుని కంప్యూటర్లోకి కాపీ చేసి, పసిబిడ్డకి తలంటినట్టు కడిగాడు. ధబధబలు తీశాడు. గీరుడు తీశాడు. ఊపిరి తీశాడు. వాటి అడుగున పాట ఎక్కడో దాక్కుని ఉంటుందని ఆశ. దొరకలేదు. చప్పుళ్ళు దాచుకుని ఏం చేసుకుంటామని కడగని కాపీ చెరిపేశాడు. కడిగిన కాపీ బీరువాకెక్కింది. కేసెట్‌లోంచి రీలు లాగి, కత్తిరించి, చెత్తబుట్టలో వేసింది రికార్డులావిడే. తొడుగులు వేసుకుని మరీ వేసింది.

పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఆమె ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది.

కదలకుండా చివరిదాకా విన్నాడు. తర్వాత వాటిని తీసి, పెట్టడానికి బల్ల కోసం తడుముకున్నాడు.

"ఆవిడ లేదమ్మా ఇందులో."

"నాయిస్ అంతా తీసేశాం బాబాయ్ గారూ. దాని అడుగున ఏమీ లేదు."

"టేపు?"

"చెప్పాను కదండీ."

తలూపాడు. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకి ఏమీ అనిపించలేదు. విప్పాల్సిన అట్టపెట్టెలు ఇంకా మిగిలే ఉన్నాయి.

నెలాఖరున, ఎప్పుడో నాట్యం మానేసి ఎవరికీ దొరక్కుండా పోయిన పెద్దావిడ ఆచూకీ దొరికింది. 'ఇల్లు ఖాళీ' ఆడింది ఆవిడే. కారు పంపి పిలిపించారు. కార్యదర్శి ఎదురెళ్ళి, కుర్చీ వేసి, ఎర్రబట్టల దగ్గర మొదలుపెట్టి కళ్ళ దాకా వచ్చాడు.

ఆవిడ ఓపిగ్గా అంతా విన్నది.

"ఎలా చూశావు నాయనా? లైట్లన్నీ ఆర్పేసి ఆడాను కదా."

కార్యదర్శి అప్పటికప్పుడు ఏదో పని గుర్తొచ్చి బయటికి నడిచాడు.

చిమ్మచీకట్లో ఫొటో ఎవరు తీస్తారు అంది ఆవిడ. జనం అడుగులు విన్నారు, ఊపిరి విన్నారు. పెట్టె ఈడ్చుకుంటూ ఆ మనిషి ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతోందో చెవులతోనే పోల్చుకున్నారు. మళ్ళీ ఆడదామంటే తన మోకాళ్ళు ఇక వంగవు. అప్పట్లో టేపు ఒకటి పట్టారు, అది దొరికితే చాలు, ఇంకేదీ అక్కర్లేదు.

సౌండతను వైర్లు సర్దుతూ తల ఎత్తలేదు.

రికార్డులావిడ విప్పుతున్న అట్టపెట్టె వదిలేసి వచ్చింది. తొడుగులు ఇంకా చేతికే ఉన్నాయి.

"ఒకాయన తెచ్చాడండీ," అంది. "చూపు లేదు. వినేవాణ్నన్నాడు. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎవరో అనుకున్నాం."

పెద్దావిడ కుర్చీలో ముందుకి జరిగింది. "గోడ పట్టుకుని నడుస్తాడా? ఉన్నాడా ఇంకా? ఎక్కడుంటున్నాడు?"

పేరు లేదు, వీధి లేదు. కార్డులో 'ప్రేక్షకుడు' అని ఉంది.

ఆమె కార్డు చదివి వినిపించింది.

"ప్రేక్షకుడేమిటమ్మా," అంది పెద్దావిడ. "నేను అడుగు వేస్తే విని, అది కాదు మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి అని, ఆ నాట్యం కట్టిందే ఆయన."