గోడ పక్క చోటు

ఇంటి యజమాని సామాను బయట పెట్టించిన రాత్రి, కుట్టుపని చేసుకునే ఒకామె తన కూతుర్ని తీసుకుని వంతెన కిందికి చేరింది. అక్కడ పడుకునేవాళ్ళు ఒకరి కాలిని ఇంకొకరి కాలికి తాడుతో కట్టుకుంటారు. ఎవరినైనా లాక్కుపోతే మిగతావాళ్ళకు మెలకువ వస్తుందని.

"కొత్తవాళ్ళకి గోడ పక్కన చోటు," అంది వాళ్ళలో ఒక ముసలి అవ్వ, తన తాడు కొసని ఆమె కాలికి ముడివేస్తూ. "భయపడకే తల్లీ. నా గురక వింటే దయ్యాలే దడుచుకుంటాయి."

ఆమె నవ్వింది. కూతుర్ని గోడ వైపు పడుకోబెట్టి, రెండో కాలికి ఇంకో తాడు కట్టుకుని, దాని కొస పాప కాలికి కట్టింది.

అర్ధరాత్రి పాప వైపు తాడు కదిలింది. ఆమె కళ్ళు తెరవకుండానే మెల్లగా లాగింది. అటునుంచీ మెల్లగా లాగారు. ఆటలాడుతోందనుకుని ఆమె మళ్ళీ లాగింది. మళ్ళీ జవాబొచ్చింది.

అప్పుడు పాప దగ్గింది. దగ్గు అవ్వ వైపు నుంచి వినిపించింది.

ఆమె గోడ వైపు చేత్తో తడిమింది. నేల తప్ప ఏమీ తగల్లేదు. తాడు మాత్రం గోడ వైపుకి బిగిసి ఉంది.

"అవ్వా, పాప నీ దగ్గరుందా?"

"నా పక్కనే ఉంది. నీకు నిద్రపట్టగానే ముడి విప్పి ఇటు తెచ్చుకున్నా."

"మరి లాగుతున్నదెవరు?"

వరస పొడుగునా ఒక్కరి గురకా లేదు. అందరూ మేలుకునే ఉన్నారు. ఆమె ఇవతలి కాలి దగ్గర ముసలి వేళ్ళు ముడి విప్పుతున్నాయి.

"పాప గురించి బెంగపెట్టుకోకమ్మా," అంది అవ్వ. "మా పిల్లలాగే చూసుకుంటాం."