తగ్గని ముల్లు

నాగశివ బొటనవేలితో కత్తి పదును చూసుకుని నడుముకు దోపుకున్నాడు.

"ఇవ్వాళ బర్నబాస్ గాడి తల తెగకపోతే నేను చిన్నయ్యకి అన్ననే కాదు."

చిన్నయ్య ఒక్కగానొక్క తమ్ముడు. తాగి బోటు నడిపిన బర్నబాస్ దాన్ని నడిసముద్రంలో బోల్తా కొట్టించి, తానొక్కడే ఈదుకొచ్చాడు. నిన్ననే చిన్నయ్య పెద్దకర్మ అయింది.

నాగశివ భార్య ఉమామహేశ్వరి ఫిజిక్స్ లెక్చరర్. మొగుడు కత్తి పట్టినా ఏడవలేదు. గడపకు అడ్డం పడలేదు. గొంతెత్తి పాఠం చదువుకుంటోంది.

"ఏకరీతి అయస్కాంత క్షేత్రంలోకి లంబంగా దూసుకొచ్చిన ఎలక్ట్రాన్‌ను బలం పక్కకే నెడుతుంది. అది వృత్తంలో తిరుగుతుంది."

"దినం మర్నాడే ఏంటే నీ చదువు? తిరిగి తిరిగి అదే నీరసపడి ఆగుద్దిలే."

"ఆగదు బావా. జోరు పిసరు కూడా తగ్గదు."

"నాలాంటిదే అన్నమాట. ఆ బర్నబాస్ గాడెక్కడున్నాడో తెలిసిందా?"

పుస్తకం మీద రాలిన మట్టిని పైటతో తుడిచింది ఉమ. "తెనాల్లో, నాగుల్ మీరా షెడ్డులో ఉన్నాడంట."

వాడు ఈలోగా తమ ఊరు రేపల్లె వస్తే తప్పించుకోకుండా వీధి రెండు కొసలా మనుషుల్ని కాపలా పెట్టి నాగశివ బండెక్కాడు. గడప దాటుతుంటే ఎవరూ తుమ్మలేదు. శకునం బాగుందనుకున్నాడు.

బండి స్పీడు ముల్లు ఎనభై దిగలేదు.

తెనాలిలో బోటు ఇంజన్లు బాగుచేసే నాగుల్ మీరా అప్పుడే ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు. నాగశివ అతని కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలి నెత్తురు బొటబొటా కారింది.

"కొట్టమాకన్నా! పావుగంటైంది, బాపట్ల పోయాడు. కరీమాబీ కొట్టుకి!"

పొన్నూరులో అడ్డొచ్చిన ఆటోవాడి చెంప పగిలింది. ముల్లు మళ్లీ ఎనభై.

బాపట్లలో ఎండుచేపలమ్మే కరీమాబీ అతన్ని చూసి చెవి దగ్గర ఫోను దించింది. నాగశివ కత్తి దూసి బస్తాలను నిలువునా చీల్చాడు. ఎండుచేపలు రోడ్డంతా పరుచుకున్నాయి.

"నా పొట్ట కొడితే ఏమొస్తది నాయనా? నగరం రోడ్డెక్కి మీ రేపల్లెకే పోయాడు. పో, అందుకో!"

రేపల్లె చేరేసరికి పొద్దు వాలింది. వీధి కొసన మనుషులు కదల్లేదు.

"వచ్చాడా?"

"ఈగ కూడా రాలేదన్నా."

నాగశివ ఒక్క తన్నుతో తలుపు తీసుకుని వచ్చి కూర్చున్నాడు.

"అలిసిపోయావు బావా. కత్తి ఇటివ్వు," అంది ఉమ.

"అలుపా? జోరు బయల్దేరినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది." కత్తి కంచం పక్కనే పెట్టుకున్నాడు. "రేపు మళ్లీ తెనాలి నుంచే మొదలుపెడతా."

"సరే, వెళ్లు."

ఉమ ఇంతసేపూ చేతిలోనే ఉన్న ఫోను పక్కన పెట్టి, చారుకు ఎండుమిర్చి తాళింపు పెట్టింది. ఘాటు గదంతా కమ్మి పైకి లేచింది.

తెల్లారకముందే వచ్చి, ఉమ కాళ్లు పట్టుకుని ఆ ఇంటి అటకే ఎక్కి దాక్కున్న బర్నబాస్ తుమ్మాడు.