ఎర్రదారం కాయిల్

బండి మళ్లీ ఆగిపోయింది.

అనంతకృష్ణ దాన్ని వీధి మలుపు నుంచి నెట్టుకుంటూ కోల్‌కతా భవానీపూర్‌లోని దుర్గారావు షెడ్డు ముందుకొచ్చాడు. అతను బ్యాంకు ఆఫీసరు. బండి అతని తండ్రి నడిపిన పాత టూ స్ట్రోకు మోటారుసైకిలు. ఆదివారం పాత బళ్ల ఊరేగింపులో దాన్ని నడపాలని ముచ్చటపడుతున్నాడు.

“ఇది మూడోసారి దుర్గారావ్! చల్లగా ఉంటే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. రెండు కిలోమీటర్లు పోయి వేడెక్కిందా, ఇక కదలదు.”

దుర్గారావు మొహం మాడిపోయింది.

పాత బళ్ల విషయంలో కోల్‌కతా మొత్తం మీద తనను మించినవాడు లేడని అతని నమ్మకం. గార్డెన్ రీచ్‌లో ఎవడో బాగా చేస్తాడని భార్య అప్పమ్మ ఒకసారి నోరు జారితే, ఆమెతో వారం రోజులు మాటల్లేవు.

లోకంలో అతను అసూయపడని పనివాడు ఒక్కడే.

హౌరాలో ఎవరో ఒకాయన పాత బళ్లకు, ప్లగ్గులో రవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిళ్లు చేత్తో చుడతాడు. తీగ చివర ఎర్రదారంతో మూడు ముడులు వేస్తాడు. ఘోష్ దా విడిభాగాల కొట్టు నుంచి అవి వస్తాయి. చుట్టే మనిషి ఎవరో ఘోష్ దా చెప్పడు, బేరం పోతుందని. ఏటా విశ్వకర్మ పూజనాడు దుర్గారావు అందులో ఒకదాన్ని విగ్రహం పాదాల దగ్గర పెట్టి దండం పెట్టుకుంటాడు.

“ప్లగ్గు మార్చినాను. పాయింట్లు గీకినాను. కండెన్సరు కొత్తది. ఇంకేటి సెయ్యమంటారు?” అన్నాడు దుర్గారావు.

“కాయిలు సూసినావా బాబూ?”

ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఒక ముసలాయన. సోడాబుడ్డి కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచి. పొద్దుట్నుంచీ అక్కడే కూర్చుని, షెడ్డు వైపు చెవి పెట్టుకుని ఉన్నాడు.

“కాయిలు పోయిన నెలే ఏసినాను. నువ్వు టీ తాగు తాతా.”

ముసలాయన వినలేదు. చెయ్యి ముందుకు చాచుకుంటూ వచ్చేశాడు.

“ప్లగ్గు ఇప్పి, ఇంజనుకి ఆనించి, ఓపాలి కిక్కు కొట్టు.”

అనంతకృష్ణ ఆశగా చూడటంతో దుర్గారావుకి తప్పలేదు.

“రవ్వ సప్పుడు బలంగా నేదు,” అన్నాడు ముసలాయన. ఆయన చూడలేదు, విన్నాడంతే.

టీకొట్టులో తడిగుడ్డ అడిగి తీసుకుని, కాయిల్ ఎక్కడుందో తడుముకుని దానిమీద వేశాడు. రెండు నిమిషాలు ఆగాడు.

“ప్లగ్గు బిగించి ఇప్పుడు కొట్టు.”

బండి ఒక్క కిక్కుకే అందుకుంది.

టీ తాగేవాళ్లు చప్పట్లు కొట్టారు. “అసలు ఉస్తాద్ ఈయనే దాదా!” అన్నాడొకడు.

దుర్గారావు కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. తన షెడ్డులో, తన గిరాకీ ఎదుట, ఇంకొకడికి చప్పట్లా!

“కాసేపాగితే ఎలాగూ సల్లారతాది. ఇదో గొప్పేటి?”

“చల్లారడానికి అరగంట పట్టేది కదయ్యా! ఒకసారి తాతగారి మాట విని చూద్దాం,” అన్నాడు అనంతకృష్ణ.

“అయితే ఆ తాతగారి సేతే సేయించుకోండి. పొరుగింటి పుల్లకూర రుచి!”

ముసలాయన మెల్లగా అన్నాడు. “తీగ మీద పూత సెడింది బాబూ. ఏడికి లోపల తీగలు ఒకదాన్నొకటి అంటుకుంటన్నాయి. ఇది సుట్టినోడి తప్పు.”

అంతే, దుర్గారావు గయ్యిమన్నాడు. ముసలాయన చెయ్యి లాగి ఆ కాయిల్‌కున్న ఎర్రదారం మీద పెట్టాడు.

“ఇదెవులి పనో ఎరుగుదువా? ఇన్నేళ్లలో ఒక్కటి పాడవనేదు. ఆయన నాకు దేవుడు. నీలాంటోళ్లు నూరుమంది ఆయన కాలిగోటికి సాలరు!”

ముసలాయన వేళ్లు ఆ మూడు ముడుల మీద ఆగిపోయాయి.

“అంత బాగుంటాదా ఆడి పని?”

“ఆడు గీడు అన్నావంటే మర్యాద దక్కదు. నడువ్!”

ముసలాయన సంచిలో పెట్టిన చేతిని ఖాళీగానే బయటికి తీశాడు. గోడ పట్టుకుని మెట్రో వైపు వెళ్లిపోయాడు.

దుర్గారావు కడుపుమంట చల్లారింది. హాయిగా ఒక టీ తాగాడు.

సాయంత్రం నడిపి చూస్తే బండి మళ్లీ ఆగింది. ఎవరూ చూడకుండా తడిగుడ్డ వేశాడు. వెంటనే అందుకుంది.

మింగలేక కక్కలేక ఘోష్ దాకి ఫోన్ చేశాడు.

“దాదా, ఒక ఎర్రదారం కాయిల్ కావాలి.”

“ఇక రావు దుర్గా. చుట్టే మనిషి ఇందాకే రైలెక్కి మీ ఆంధ్రా వెళ్లిపోయాడు. ఒక్కటి మిగిలింది. నీకిమ్మని నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.”

“నాకా? నేనెవరో ఆయనకెలా తెలుసు?”

“ఆఖరున చుట్టినవాటిలో తేడా వచ్చిందని ఆయనకు బెంగ. నా దగ్గర చిరునామాలు తీసుకుని, షెడ్డు షెడ్డుకీ తిరిగి, మునుపు చుట్టిన మంచివి ఇచ్చొచ్చాడు. నీదే చివరిది.”

దుర్గారావు ఎదుటి టీకొట్టు బల్ల వైపు చూశాడు.

“మరి నా చేతికే ఇవ్వొచ్చు కదా దాదా?”

“ఇద్దామనే వచ్చాడు దుర్గా! సంచిలోంచి తీసేలోపే నువ్వు ఆయన్ని దేవుడన్నావట, ఆ మాట విన్నాక ఆ గుడ్డికళ్లతో తప్పు చుట్టింది తనేనని చెప్పడానికి నోరు రాలేదన్నాడు.”