చచ్చినవాడి మీద కుళ్లు

హోటల్లో అడుగు పెట్టగానే శాంసన్‌కు ఒళ్లు మండింది. మూల టేబుల్ దగ్గర తన పెళ్లాం జోస్నా ఎవడో పరాయి మగాడి ఎదురుగా కూర్చుని నవ్వుతోంది. పైగా కట్టుకున్నది ఈస్టర్‌కు తను కొనిచ్చిన చీర.

దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాలు, భుజాన సంచి ఉన్న మగాడు కనిపిస్తే కోచింగ్ సారేనని ఎవరైనా అనుకుంటారు. శాంసన్ అనుకుని ఊరుకోలేదు, కొన్నాళ్లుగా ఆ సారును మనసులోనే నమిలి మింగుతున్నాడు. జోస్నా గ్రూప్స్ కోచింగ్‌కు పోతోంది. ఈమధ్య అన్నం వడ్డిస్తున్నా ఆయన మాటే, బట్టలు ఆరేస్తున్నా ఆయన మాటే. "ఆయనంత ధైర్యం ఎవరికుంటది" అంటుంది. పొద్దున గడప దాటుతూ, "సాయంత్రం మెట్రో పక్క హోటల్ల ఒకాయనతోని మాట్లాడేదుంది" అని చెప్పి మరీ పోయింది. కట్టుకున్నవాడు అంత మాట విని ఇంట్లో కూర్చుంటాడా?

"వచ్చినవా, కూసో," అంది జోస్నా, ఏమాత్రం తత్తరపడకుండా. "ఈయన రామారావు గారు."

"తెల్సు. ఈయన ధైర్యం గురించి రోజు ఇంటనే ఉన్న."

రామారావు చేతిలోని ఫోన్ టేబుల్ మీద పెట్టి నవ్వాడు. "నా ధైర్యం కాదండీ. మీ ఆవిడ చెప్పేది వేరే ఆయన గురించి."

"ఇంకొకడు గూడ ఉన్నడా?" అన్నాడు శాంసన్.

"వియత్నాం యుద్ధం పాఠంల ఒస్తడు," అంది జోస్నా. "అమెరికాల పెద్ద ఆఫీసరు. ఆ యుద్ధం గెలుసుడు కష్టమని సర్కారుకు లోపల తెల్సు. బయట జనానికి మాత్రం అంత మంచిగున్నదని చెప్పుకుంట పిల్లగాండ్లను సావనీకి పంపింది. ఈయన ఆ రహస్యం కాగితాలు జిరాక్స్ తీసి పేపరోళ్లకు ఇచ్చిండు. జైల్ల ఏస్తమన్నరు. అయిన భయపడలే."

"ఇప్పుడేడున్నడు?"

"సచ్చిపోయిండు."

శాంసన్ గుండెల మీద నుంచి బరువు దిగింది. కుర్చీ లాక్కుని కూర్చుని, చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా చెప్పాడు. ఇన్నాళ్లు తను కుళ్లిపోయింది సముద్రాల అవతల, ఎప్పుడో చచ్చిన మనిషి మీదనా అని నవ్వు కూడా వచ్చింది. సారు మీద జాలిపడి ఒక బిస్కెట్ అటు జరిపాడు.

"అసుంటాయనకు పెండ్లామైనామె అదృష్టవంతురాలు," అంది జోస్నా.

బిస్కెట్ గొంతులో అడ్డం పడింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా! బతికున్నవాడైతే కాలర్ పట్టుకోవచ్చు. చచ్చినవాడితో ఎట్లా కొట్లాడేది?

"ఏం జేసిండని గంతగనం? మా వాటర్‌బోర్డు ఆఫీసుల లేవా రహస్యాలు?"

"నీ ఆఫీసుల ఏముంటయ్? సీసాలల్ల నీళ్లు పట్టుడు, పరీక్షలు జేసుడు, గంతే గద."

"నీకేం తెల్సు?"

"నాకు తెల్వదు, నువ్వు చెప్పవు." జోస్నా చాయ్ కప్పు పక్కన పెట్టింది. "అల్మాస్‌గూడల మా అమ్మను క్యాన్ నీళ్లే తాగుమంటివి. పక్కింటోళ్లకు చెప్పొద్దంటివి. ఎందుకంటే నోరు తెర్వకపోతివి. గిప్పుడు పక్కింట్ల ఏంజెల్ దవాఖానల పడ్డది. చిన్నపిల్ల. నీ జాగల ఆ అమెరికాయన ఉంటే ఎప్పుడో చెప్పేటోడు."

శాంసన్ తల దించుకున్నాడు. నోరు జారితే కొలువు పోతుందని ఆఫీసులో పెద్దసారు నిలబెట్టి చెప్పాడు. అప్పటి నుంచి ఆ మాట గొంతులో ముల్లులా ఉంది. కక్కలేడు, మింగలేడు. తలెత్తి చూస్తే జోస్నా తన వైపే చూడటం లేదు. కిటికీలోంచి ఎటో చూస్తోంది. ఆ చచ్చినవాడినే తలచుకుంటున్నట్టుంది. అది మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"మీ అమ్మోళ్ల కాలనీ ట్యాంకు నీళ్లు పరీక్షల ఫెయిలైనయ్," అన్నాడు. "పైపు పలిగి మోరీల మురికి నీళ్లు కలుస్తున్నయ్."

జోస్నా కళ్లు అతని మీదికి వచ్చాయి. చాలా రోజుల తరువాత వచ్చాయి.

"పరీక్ష చేసింది మీరేనా అండీ?" అడిగాడు రామారావు.

"నా చేతులతోని జేసిన. రెండోపారి గూడ జేసిన. గదే ఒచ్చింది."

"మరి నీళ్లు ఆపలేదే?"

"ఆపితే జనం ఎందుకని అడుగుతరు గద. ట్యాంకు కొత్తది, ట్రయల్ అని నీళ్లు ముందే ఇడిసిన్రు. మంత్రి ఒచ్చి ఓపెనింగ్ జేసేదాక గప్‌చుప్‌గుండుమన్నరు."

"ఎవరన్నారు?"

శాంసన్ పెద్దసారు పేరు చెప్పాడు. ఆయన అన్న మాటలు ఆయన గొంతుతోనే చెప్పాడు. పైపు ఎక్కడ పగిలిందో టేబుల్ మీద చాయ్ చుక్కతో గీసి చూపించాడు. ఊరందరికీ పాఠాలు చెప్పే సారు తననే డౌట్లు అడుగుతుంటే ఛాతీ గజమంత అయింది. జోస్నా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెప్ప వాల్చకుండా వింటోంది.

రామారావు లేచి, ఫోన్ జేబులో వేసుకుని, శాంసన్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీ మేలు మర్చిపోనండీ," అని గబగబా మెట్లు దిగిపోయాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు శాంసన్ వెనక్కి వాలి. "ఆ అమెరికాయన గొప్పనా, నేను గొప్పనా?"

"నువ్వే," అంది జోస్నా. అతని చేతి మీద చెయ్యి వేసింది. "రేపు పొద్దుగాల్ల అందరు గదే అనుకుంటరు."

"అందరంటే? సారు గిదంత క్లాసుల చెప్తడా ఏంది?"

"క్లాసుల కాదు, పేపర్ల. రామారావు గారు పేపరాయన. నీ పేరు రాయనని ముందే మాటిచ్చిండు, ఎవరో ధైర్యమున్నోడు చెప్పిండనే అనుకుంటరు, భయపడకు. మాకు క్లాసు చెప్పేది సౌజన్య మేడమ్."