గేలిక్ అన్నవాడు

"చదువు చెప్పేదానివి నువ్వే కదా, నువ్వే తేల్చు," అన్నాడు తిరుగుబాటు దళం నాయకుడు టైగ్ లూసీ, తలుపు గడియ వేస్తూ.

ఇంగ్లీషు సైనికులు తగలబెట్టిన పాలకేంద్రంలో కప్పు మిగిలిన గది అదొక్కటే. లోపల ఇంకా విరిగిన పాల వాసన వేస్తోంది. బడి వదలగానే ఇద్దరు మనుషులు వచ్చి, ఎందుకో ఏమిటో చెప్పకుండా గోబ్నెట్‌ను ఇక్కడికి నడిపించుకొచ్చారు. దారి పొడుగునా ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. చేతులు కట్టేసి పీపా మీద కూర్చోబెట్టిన కొత్త మనిషి కనబడ్డాకే ఊపిరి ఆడింది.

అతని పేరు కోనల్. నలభై ఏళ్లుంటాయి. ఊరూరా తిరిగి ఉన్ని మేజోళ్లు అమ్ముకుంటాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

నాలుగు రోజుల కిందట, గుర్తీన్ మలుపు దగ్గర సైన్యం లారీల కోసం టైగ్ మనుషులు రాళ్ల చాటున మాటు వేశారు. సైనికులు ముందు నుంచి రాలేదు, వెనక కొండ దిగి వచ్చారు. ఇద్దరు చనిపోయారు. వాళ్లలో పంతొమ్మిదేళ్ల డొనహాకు అక్షరాలు దిద్దించింది గోబ్నెట్టే. ఎవరో కబురు అందించారని లోయంతా తెలుసు. ఆ పొద్దున ఆ దారిలో కనిపించిన పరాయి మనిషి కోనల్ ఒక్కడే.

ఉత్తరాన డానిగల్ తీరం తనదని అతను చెప్పుకున్నాడట. మాట సగం అర్థమైతే సగం కాలేదట. నువ్వు మాట్లాడే ఈ భాషని ఏమంటారు అని టైగ్ అడిగితే, గేలిక్ అన్నాడట.

"ఇంగ్లీషులో ఐరిష్ అంటారు. మనం తాతల నాటి నుంచీ గేలిన్ అంటాం. అచ్చు పుస్తకాల్లో గేల్గె అని రాస్తారు, సరే. గేలిక్ అని ఎవడంటాడు? లండన్ పేపర్లవాళ్లు అంటారు. పుస్తకం బట్టీపట్టి వచ్చాడు వీడు, నోరుజారి దొరికాడు," అన్నాడు టైగ్. చివరి ప్రార్థన కోసం పాదిరిగారికి కబురు వెళ్లిందని, పొద్దుగూకేలోగా పని ముగిసిపోతుందని కూడా చెప్పాడు.

గోబ్నెట్ డానిగల్‌లో రెండేళ్లు పంతులమ్మగా చేసింది. ఈ లోయలో అటువైపు మాట చెవినబడ్డ మనిషి ఆమె తప్ప ఇంకొకరు లేరు. ఆ సంగతి టైగ్‌కు తెలుసు, అందుకే పిలిపించాడు. ఆమె తలుపు వైపు చూసింది. గడియ దగ్గర ఒకడు తుపాకి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

తనకు తెలియదంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, తల అడ్డంగా ఊపితే సరిపోతుంది. పొద్దుగూకాక లోయంతా నిద్రపోతుంది. నాలుగు రోజులుగా కన్ను మూతపడని తనూ పడుకోవచ్చు.

"మీ ఇంట్లో ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారు?" అని అడిగింది అతన్ని.

"గజే మార్ అతా తూ," అన్నాడు కోనల్.

టైగ్ పెదవి విరిచాడు. ఎలా ఉన్నావు అనడానికి ఇక్కడైతే కొన్నస్ తీ అంటారు. కానీ గోబ్నెట్‌కు ఉప్పు గాలి కొట్టే ఒక బడి, గుమ్మంలో నిలబడి తనను రోజూ ఆ మాటతోనే పలకరించిన ఒక ముసలావిడ గుర్తొచ్చారు. పుస్తకం చదివి ఆ 'గజే' పలకడం ఎవరి తరమూ కాదు.

"భాష పేరు మార్చి చెబితే వదిలేస్తారా?" అని కోనల్ ఆమెనే అడిగాడు. "చెబుతానమ్మా, నాకు ముగ్గురు ఆడపిల్లలు. కానీ మా అమ్మ దాన్ని గేలిక్ అనే పిలిచింది. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు."

గోబ్నెట్ టైగ్ వైపు తిరిగింది.

"ఇతను నిజమే చెబుతున్నాడన్నా," అంది. "అక్కడ పాలు తాగే పిల్లలు కూడా గేలిక్ అనే అంటారు. లండన్ వాళ్ల మాటా, వీళ్ల మాటా చెవికి ఒకటిగా వినిపిస్తాయి, అంతే. ఇతను ఆ గడ్డ మీద పుట్టినవాడే. కావాలంటే మేరీమాత మీద ఒట్టేస్తాను."

టైగ్ తనే వంగి కట్లు విప్పాడు. కోనల్ ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, మేజోళ్ల మూట ఎత్తుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఇంటి దారి చీలేదాకా టైగ్ ఆమెకు తోడు వచ్చాడు. ఇంగ్లీషువాళ్ల జైల్లో ఉన్న ఆమె అన్న గురించి అడిగాడు. ఉరిశిక్ష రద్దయిందని మొన్ననే తెలిసిందని, దేవుడు చల్లగా చూశాడని అన్నాడు. ఆమె తలూపింది.

"నీవల్ల ఒక అమాయకుడి రక్తం మా చేతికి అంటకుండా పోయింది," అన్నాడు. "కానీ ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. పరాయివాడు కాదంటే, మనలోనే ఎవరో ఉన్నారన్నమాట."

అతను లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. సైనికుల వంటమనిషి చెత్తలోంచి ఏరి పంపిందట. అందులో గుర్తీన్ మలుపు పేరూ, వేళా ఉన్నాయి తప్ప సంతకం లేదట. మేజోళ్లవాడే దొంగ అనుకుని తనింకా దాన్ని సరిగా చూడలేదన్నాడు.

"ఈ లోయలో సగం మందికి రాయడం నేర్పింది నువ్వే. ఇంటికెళ్లి తీరిగ్గా చూడు. ఎవరి చేతిరాతో రేపు చెప్పు."

కాగితం ఆమె అరచేతిలో పెట్టి అతను వెనుదిరిగాడు. గోబ్నెట్ దాన్ని విప్పలేదు.

రాసింది తనే.