సాకుల కల్లం

పదకొండో రోజు పొద్దున నాగేశ్వరరావుకి సాకులు అయిపోయాయి.

మంచం మీద కూర్చుని ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. చెప్పులు తెగాయన్నాడు, పెళ్లాం ప్రభావతి కొత్త బూట్లు తెచ్చి మంచం కింద పెట్టింది. కుక్కలు వెంటపడతాయన్నాడు, కర్ర చేతికిచ్చింది. మంచు పడుతోందన్నాడు, మంకీ క్యాప్ తెచ్చి నెత్తిన తొడిగింది. తోడు లేదన్నాడు, మెకానిక్ మీరా సాహెబ్‌ని పిలుచుకొచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

పైగా ఆమె ఒక చట్టం పెట్టింది.

“చెప్పిన సాకు మళ్లీ చెప్పగూడదు. రోజుకో కొత్తది చెప్పు, పడుకో. లేదా లెగు, నడువు.”

నరసరావుపేట డాక్టరు మాట కూడా అంత గట్టిగానే ఉంది. రోజూ నాలుగు కిలోమీటర్లు నడవాలి. మూడు నెలల్లో షుగర్ దిగకపోతే పొట్టలో సూది, రోజుకి రెండుసార్లు. నాగేశ్వరరావుకి సూదంటే ఎంత భయమంటే, గేదెలకి టీకాలు వేసే రోజు అతను గడ్డివామి వెనక దాక్కుంటాడు. నడకంటే బద్ధకం ఆ భయానికి ఏమాత్రం తీసిపోదు.

ఆ రోజు తోడొచ్చిన మీరా సాహెబ్ వీధి మలుపు తిరగ్గానే చెవిలో ఊదాడు.

“అన్నా, గోపాలకృష్ణయ్య బాబాయి కాడికి పో. మా జాహెదా కూడా నన్ను ఇట్టనే నడవమని చంపింది. ఆయనిచ్చిన సాకుతోనే బయటపడ్డా.”

గోపాలకృష్ణయ్య మిరప కల్లం కాలవ గట్టు వెంట రెండు కిలోమీటర్ల దూరం. కాయలు ఎండబోసుకుని, పడకా కాపలా అక్కడే.

“ఇస్తాలే. రోజుకొకటి,” అన్నాడాయన. “తెల్లారకముందే వచ్చి తీసుకుపో. గట్టు మీదికి బండి మాత్రం తేమాక. దుమ్ము లేసి కాయల మీద పడుద్ది.”

“ఫోన్లో చెప్పరాదా బాబాయ్?”

“సాకు మనిషిని చూసి ఇయ్యాలిరా. నీ మొహానికి నప్పాలా, వద్దా?”

మర్నాడు ఐదింటికి, ప్రభావతి ముసుగు తన్ని పడుకుని ఉండగా, నాగేశ్వరరావు పిల్లిలా బయటపడ్డాడు. కొత్త బూట్లు చేత్తో పట్టుకుపోయి వీధి చివర తొడుక్కున్నాడు. కుక్కలకి కర్ర, మంచుకి మంకీ క్యాప్ ఉండనే ఉన్నాయి.

గోపాలకృష్ణయ్య జేబులోంచి చీటీ తీశాడు. కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి చదివాడు.

“కాలవ గట్టు కింద గుడ్లగూబ గుడ్లు పెట్టింది. నేను నడిస్తే ఆ అదురుకి పగులుతయ్.”

“ఇది నమ్ముద్దా?”

“చెప్పి చూడరాదూ.”

ఆరింటికల్లా ఇల్లు చేరి దుప్పటి కప్పుకున్నాడు. ప్రభావతి వచ్చి తట్టింది. చెప్పాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“పాపం, పిల్లలు కావాల్సిన గుడ్లు. సరే, పడుకో.”

ఇక అతనికి తిరుగు లేదు. ఎండలో పెడితే బూట్లు రెండూ ఎడమ కాలివైపోయాయన్నాడు. కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ తీసుకుపోయేవాళ్లు దారి కొలుస్తున్నారనీ, మధ్యలో మనిషి నడిస్తే కొలత తప్పుతుందనీ అన్నాడు. అన్నిటికీ పడుకోమంది. ఒకరోజు సగంలో మర్చిపోయాడు.

“తూర్పు గాలి తోలతంది. ఎదురు నడిస్తే గాలి నోట్లోకి... నోట్లోకి పోయి...”

“పొట్ట నిండుద్దా?”

“ఆఁ! తిన్నట్టే లెక్క. తిని నడవొద్దన్నాడుగా డాక్టరు.”

“ఒద్దులే, పడుకో.”

దుప్పటి కింద బనీను చెమటకి ఒంటికి అంటుకుపోయి ఉండేది. మిరప ఘాటుకి తుమ్ములు ఆగేవి కావు. ఆమె ఏమీ అడక్కుండా ఫ్యాను వేసి, చెంబుతో నీళ్లు పెట్టి పోయేది.

ఒక్కరోజు మాత్రం మెలకువ రాలేదు. కల్లానికి పోలేదు. సొంతంగా ఆలోచించి కడుపునొప్పి అన్నాడు.

“చెల్లదు. లెగు.”

ఊరంతా చూస్తుండగా హైస్కూలు చుట్టూ తిప్పుకొచ్చింది. గుడ్లగూబ గుడ్లకి కరిగిన మనిషి మొగుడి కడుపునొప్పికి ఎందుకు కరగలేదో అతనికి అంతు పట్టలేదు. మళ్లీ సొంత సాకు జోలికి పోలేదు.

మూడు నెలలకి నరసరావుపేటలో, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రభావతి చెయ్యి నలిపేస్తూ రక్తం ఇచ్చాడు. డాక్టరు కాగితం రెండుసార్లు చూశాడు.

“సూది అక్కర్లేదు. నడక బాగా పనిచేసింది. మానొద్దు.”

నాగేశ్వరరావు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బస్సెక్కి కూర్చున్నాక ఆగలేకపోయాడు.

“ఏమే, చూశావా? ఆ కడుపునొప్పి రోజు తప్పితే నేను ఒక్కనాడన్నా నడిచానా? అయినా దిగింది. నడకా లేదు, నా బొందా లేదు.”

“నిజమేనయ్యా. నాకే తెలవలా,” అంది ప్రభావతి కిటికీలోంచి చూస్తూ.

స్టాపులో దిగి తిన్నగా కల్లానికి పోయాడు. గోపాలకృష్ణయ్య కాయలన్నీ టిక్కీ బస్తాలకెత్తి మూతులు కుడుతున్నాడు. నాగేశ్వరరావు పోయి బస్తాలకి అడ్డంగా నిలబడ్డాడు.

“బాబాయ్, నువ్వు కల్లం ఎత్తేస్తే నా గతేంది?”

“గేదెల కొట్టం కాడికి మారతన్నాలే. కాస్త దూరం. మూడు కిలోమీటర్లు.”

“ఐదైనా వస్తా. సాకు మాత్రం ఆపమాక.”

ఆ సాయంత్రం అతను గుండె మీద చెయ్యేసుకుని గుర్రు పెట్టాక, ప్రభావతి పెరట్లోకి పోయి, ఫోను చెవికి ఆనించి, “మామయ్యా, రేపటి సాకు రాసుకోండి,” అంది.