గొడ్లసావిట్లో ఎర్ర కారు

బతికున్న తోలు తొడిగిన కార్లు కొత్తగా వచ్చినప్పుడు, గీత పడితే తెల్లారేసరికి మానిపోతుందని జనం ఎగబడి కొన్నారు. అప్పట్లో కుర్రాడైన ప్రణీత్ కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఇప్పుడు ఆయనలాగే ముసలిదై గొడ్లసావిట్లో పడి ఉంది. తలుపుల నిండా పుళ్లు, డిక్కీ సందుల్లో చీము. ఆయన రోజూ దానికి వేపనూనె పట్టిస్తాడు.

ఆ ఉదయం నూనె రాయకముందే, ఆయన భార్య హారికమ్మ పాతసామాన్ల లారీని పిలిపించింది.

"కుళ్లిన పీనుగకి సేవలేంటండీ? ఇది పోతేగానీ నాకు అన్నం సయించదు."

"ఒకప్పుడు ఇందులో ఊరేగి తెగ మురిసిపోయావు కదే!"

లారీవాళ్లు గొలుసు తగిలిస్తుంటే, పక్కనున్న గేదె మెడ చాచి కారు తలుపు మీది పుండును నాకడం మొదలుపెట్టింది. దూడ చచ్చిపోయినప్పటినుంచి అది పాలు చేపడం లేదు, చుక్క కూడా దించడం లేదు. దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టినా తన్నింది. ఇంక అమ్మేయాల్సిందే అనుకున్నారు. ఇప్పుడేమో పాలు ధారగా కారిపోతున్నాయి. నాకినచోటల్లా కారు తోలు సన్నగా వణికింది.

హారికమ్మ పక్కకి ఉమ్మేసి, బిందె తెచ్చి, మొహం తిప్పుకుని పాలు పితికింది.

"లారీని పొమ్మనండి," అంది. "రేపట్నుంచి ఆ వేపనూనె మాత్రం రాయకండి. చేదు తగిలితే గేదె నాకదు."